లిమరిక్ శనివారాలు: క్లబ్బు రగ్బీ జనం ఎటు వెళ్లారు?

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఎప్పటిలాగే హైదరాబాద్‌లో నేను, ఐర్లండ్‌లోని లిమరిక్‌లో మా అక్క. ఈ వారం క్రికెట్ మాట ఎత్తకూడదని అక్క ముందే షరతు పెట్టింది. రగ్బీ గురించే మాట్లాడాలట.

అక్క: ఈ ఊళ్లో ఉంటూ రగ్బీ ఊసెత్తకపోతే ఇరుగుపొరుగు ఊరుకోరు. అయితే టీవీలో వచ్చే రగ్బీ గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెప్పేది దాని నీడలో చిక్కిపోయిన క్లబ్బు రగ్బీ గురించి. పైసా తీసుకోకుండా ఆడేవాళ్ల ఆట.

తమ్ముడు: రగ్బీలో డబ్బు తీసుకోవడమే తప్పని ఒకప్పుడు అనుకునేవారట కదా?

అక్క: తప్పేమిటి, మహాపాపం! ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్బుల్లో గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసేవారు ఆడేవారు. శనివారం పని మానుకుని ఆడుతున్నాం, పోయిన కూలి ఇప్పించండి అన్నారు. పెద్దలు ససేమిరా అన్నారు. 1895 ఆగస్టులో అలాంటి క్లబ్బులు కొన్ని హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. ఇప్పటి రగ్బీ లీగ్ పుట్టుక అదే. మిగిలిన రగ్బీ యూనియన్ మాత్రం సరిగ్గా వందేళ్లు మడి కట్టుకుని కూర్చుంది.

తమ్ముడు: 1995 వరకు.

అక్క: అవును. ఆ ఏడాది జూన్‌లో, దక్షిణాఫ్రికాలో ప్రపంచ కప్ ఫైనల్ జరగబోతుండగా, దక్షిణార్ధగోళపు మూడు దేశాల రగ్బీ సంఘాలూ మీడియా యజమాని మర్డోక్ కంపెనీతో పదేళ్లకు 55 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం కుదిరిందని ప్రకటించాయి. అంత డబ్బు వస్తుంటే ఆటగాడు ఉచితంగా ఎందుకు ఆడతాడు? ఆగస్టులో అంతర్జాతీయ రగ్బీ బోర్డు పారిస్‌లో కూర్చుని, ఇక ఎవరైనా ఎవరికైనా డబ్బు ఇవ్వొచ్చని తేల్చేసింది. ఏ దేశమూ దానికి సిద్ధంగా లేదు. ఐర్లండ్ అసలే లేదు.

తమ్ముడు: అప్పటికి లిమరిక్‌లో క్లబ్బుల పరిస్థితి ఎలా ఉండేది?

అక్క: వైభోగం అనుకో. డబ్లిన్‌లో రగ్బీ అంటే ఫీజులు కట్టి చదివే పెద్ద బడుల పిల్లల ఆట. లిమరిక్‌లో అలా కాదు. రేవు కూలీ, డాక్టరు ఒకే స్క్రమ్‌లో, అంటే రెండు జట్లవారు గుంపుగా ఒకరినొకరు తోసుకునే చోట, తల దూర్చేవారు. షానన్, గ్యారీఓవెన్, యంగ్ మన్‌స్టర్ అని మూడు క్లబ్బులు ముఖ్యం. ఏ క్లబ్బు అన్నది పుట్టిన పేటను బట్టి తేలిపోయేది. బంతిని ఆకాశానికి తన్ని దాని కిందికి పరుగెత్తే ఎత్తుగడను ప్రపంచమంతా గ్యారీఓవెన్ అనే పిలుస్తుంది, ఈ క్లబ్బు పేరు మీదే. దేశమంతటికీ కలిపి ఆల్ ఐర్లండ్ లీగ్ 1990లో మొదలైతే, మొదటి తొమ్మిది టైటిళ్లూ లిమరిక్, కార్క్ క్లబ్బులే పట్టుకుపోయాయి. షానన్ అయితే వరుసగా నాలుగు.

తమ్ముడు: డబ్లిన్‌వాళ్లకు కడుపు మండి ఉండాలి.

అక్క: మండదా మరి! 1993లో టైటిల్ తేల్చే మ్యాచ్ డబ్లిన్‌లో, లాన్స్‌డౌన్ రోడ్డులో. జాతీయ జట్టు ఆడే మైదానం అది. యంగ్ మన్‌స్టర్ వెళ్లి అక్కడి సెయింట్ మేరీస్‌ను 17-14తో ఓడించి వచ్చింది. ఒక క్లబ్బు మ్యాచ్‌కు వేలాది జనం. అప్పుడు ఫ్లాంకర్‌గా, అంటే స్క్రమ్ పక్కన ఉండే ఆటగాడిగా, ఆడిన గెర్ ఎర్ల్స్ గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ఆయన కొడుకు కీత్ ఎర్ల్స్ తర్వాత ఐర్లండ్‌కు ఆడాడు, ప్రపంచానికి తెలిసినవాడు. ఇక్కడి ముసలివాళ్ల లెక్కలో మాత్రం తండ్రే గొప్ప.

తమ్ముడు: నువ్వు క్లబ్బు మ్యాచ్‌కు వెళ్తుంటావు కదా, ఎలా ఉంటుంది?

అక్క: శనివారం మధ్యాహ్నం రెండున్నరకు మొదలు. గ్యాలరీ కాదు, కడ్డీకి ఆనుకుని నిలబడతాం. స్క్రమ్ మన ముందు పడిందనుకో, రిఫరీ “క్రౌచ్, బైండ్, సెట్” అంటాడు. ఆ తర్వాత ఎముకకు ఎముక తగిలే చప్పుడు, పదహారు మంది ఊపిరి. టీవీలో ఇది వినపడదు. మా ఇంట్లో హీటర్ బాగుచేసిన కుర్రాడు ముందు వరుసలో ఆడతాడు. సోమవారం చెవికి ప్లాస్టర్ వేసుకునే పనికి వచ్చాడు. అడిగితే, “అవతలివాడి చెవి చూడండి” అన్నాడు.

తమ్ముడు: అయ్యో!

అక్క: కడ్డీ దగ్గర నాతో పాటు ఉండేది ఎక్కువగా అరవై దాటినవారు, ఆటగాళ్ల భార్యలు, రెండు మూడు కుక్కలు. మధ్య వయసువారు లేరు. వాళ్లంతా ఎర్ర జెర్సీ వేసుకుని మన్‌స్టర్ మ్యాచ్‌లో ఉంటారు.

తమ్ముడు: మన్‌స్టర్ అంటే?

అక్క: ఐర్లండ్ దక్షిణాన ఉన్న ప్రావిన్సు. నాలుగు ప్రావిన్సుల జట్లు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి కానీ, వాటి మధ్య జరిగే మ్యాచ్‌లను జనం అంతగా పట్టించుకునేవారు కాదు. జాతీయ జట్టు ఎంపిక కోసం పెట్టే పరీక్షల్లా చూసేవారు. న్యూజీలాండ్ లాంటి జట్టు వచ్చినప్పుడే ఉత్సాహం. 1978లో మన్‌స్టర్ న్యూజీలాండ్ జట్టు ఆల్ బ్లాక్స్‌ను 12-0తో ఓడించిన మ్యాచ్ ఇక్కడ పురాణం. తర్వాత మామూలే, శనివారం ఎవరి క్లబ్బుకు వాళ్లు.

తమ్ముడు: వృత్తి ఆట వచ్చాక తిరగబడిందన్నమాట.

అక్క: మంచి ఆటగాళ్లు ఇంగ్లండ్‌కు ప్రయాణం కట్టారు. గ్యారీఓవెన్‌కు ఆడిన కీత్ వుడ్ హార్లెక్విన్స్‌కు వెళ్లిపోయాడు. వాళ్లను నిలుపుకోవాలంటే ఇక్కడ జీతాలివ్వాలి. యాభై క్లబ్బులకు ఇచ్చే సత్తా ఎవరికీ లేదు, నాలుగు ప్రావిన్సులకు ఇవ్వొచ్చు. ఆ నిర్ణయంతోనే క్లబ్బు ఆట తలరాత మారింది. 1995 నవంబర్‌లో ఇక్కడి థోమండ్ పార్క్ మైదానంలో వేల్స్ క్లబ్బు స్వాన్సీ మీద 17-13 గెలుపుతో మన్‌స్టర్ యూరప్ కప్ ప్రయాణం మొదలుపెట్టింది. 2000లో ట్వికెన్‌హామ్‌లో ఫైనల్, ఒక్క పాయింటుతో ఓటమి, 9-8. అసలు ఆ ఓటమే జనాన్ని కట్టిపడేసిందని నా అనుమానం. 2006లో కార్డిఫ్‌లో కప్పు గెలుస్తుంటే, ఇక్కడ ఓకానెల్ వీధిలో పెద్ద తెర ముందు జనసముద్రం. 2008లో మళ్లీ గెలిచారు. అదే ఏడాది థోమండ్ పార్క్‌ను పాతికవేల మంది పట్టేలా కొత్తగా కట్టారు.

తమ్ముడు: ఆ మైదానం అసలు ఎవరిది?

అక్క: షానన్‌కు కూడా అదే సొంత గూడు! తొమ్మిది సార్లు లీగ్ గెలిచిన క్లబ్బు. చివరి టైటిల్ 2009లో. తర్వాత రెండో శ్రేణికి కూడా జారింది. ఆ మన్‌స్టర్ జట్టును మోసిందీ షానన్ వాళ్లే. ఆంథొనీ ఫోలీ, మిక్ గాల్వీ, జాన్ హేస్, అలన్ క్విన్లన్... కన్నబిడ్డలే ఇంటి జనాన్ని వెంటపెట్టుకుని వెళ్లిపోయారు.

తమ్ముడు: అక్కా, ఇది వట్టి పాత రోజుల మోజు కాదంటావా? క్లబ్బుల కాలంలో ఐర్లండ్ గెలిచిందేముంది? 1948లో గ్రాండ్ స్లామ్, అంటే యూరప్ దేశాల వార్షిక పోటీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం, మళ్లీ 2009లో. అరవై ఒక్క ఏళ్లు! వృత్తి ఆట వచ్చాక 2018, 2023లోనూ కొట్టారు. న్యూజీలాండ్‌ను మొదటిసారి ఓడించింది 2016లో.

అక్క: నీతో వాదించను. బేరం కుదిరింది, లాభమూ వచ్చింది. ఐర్లండ్ చేసింది తెలివైన పనే. అయితే ఆ లాభానికి డబ్బు కట్టింది ఎవరో చెప్పుకోవాలి కదా. ఇదివరకు కుర్రాడు క్లబ్బు మూడో జట్టులో మొదలుపెట్టి, మొదటి జట్టుకు ఎక్కి, అక్కడి నుంచి మన్‌స్టర్, ఐర్లండ్. ఇప్పుడు బడి నుంచి నేరుగా ప్రావిన్సు అకాడమీకి. క్లబ్బు ఆ దారిలోనే లేదు. అకాడమీ కుర్రాళ్లను అప్పుడప్పుడు క్లబ్బుకు పంపుతారు. గురువారం సాధన చేయించిన కోచ్‌కు శనివారం ఎవరు ఉంటారో నమ్మకం ఉండదు. విచిత్రం ఏమిటంటే, జాతీయ జట్టును ప్రకటించినప్పుడు ఇప్పటికీ ప్రతి పేరు పక్కనా క్లబ్బు పేరు వేస్తారు. ఆడినన్నాళ్లూ పీటర్ ఒమాహనీ పక్కన కార్క్ కాన్‌స్టిట్యూషన్, జానీ సెక్స్‌టన్ పక్కన సెయింట్ మేరీస్ అని వేసేవారు. ఏళ్ల తరబడి వాళ్లు ఆ జెర్సీ వేసుకోకపోయినా సరే. శుభలేఖలో తాతగారి పేరులాగా.

తమ్ముడు: మన మొయినుద్దౌలా గోల్డ్ కప్ గుర్తొస్తోంది. టెస్టు క్రికెటర్లు వచ్చి ఆడిన టోర్నీ. ఇప్పుడు మన హైదరాబాద్‌లోనే ఎంతమందికి తెలుసు?

అక్క: క్రికెట్ వద్దన్నానా లేదా? సరే, ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను.

తమ్ముడు: ఇంగ్లండ్‌లో క్లబ్బులే వృత్తి జట్లయ్యాయి కదా. వాళ్లు బాగుపడ్డారా?

అక్క: లీస్టర్, బాత్ లాంటివి నిలబడ్డాయి. రిచ్‌మండ్ సంగతి విను. 1861లో పుట్టిన క్లబ్బు. ఒక ధనవంతుడు వచ్చి జీతాలు కుమ్మరించాడు. 1999లో చేతులెత్తేశాడు, క్లబ్బు దివాలా. మళ్లీ అట్టడుగు లీగ్ నుంచి ఔత్సాహికులతో మొదలుపెట్టి 2016 నాటికి రెండో శ్రేణికి చేరింది. ఈ మధ్య కూడా, 2022లో వాస్ప్స్, వూస్టర్, మరుసటి ఏడు లండన్ ఐరిష్ కుప్పకూలాయి. వేల్స్‌లో మరీ ఘోరం. అక్కడ క్లబ్బంటే లోయకొక కులదైవం. 2003లో వాటిలో కొన్నిటిని జతలు కలిపి, మొత్తం ఐదు ప్రాంతీయ జట్లు చేశారు. పాంటిప్రిడ్, బ్రిడ్జెండ్ వాళ్లు కలిసి ఒకే జట్టును అభిమానించాలట! ఆ సెల్టిక్ వారియర్స్ ఒక్క సీజన్‌కే మూతపడింది. మన్‌స్టర్‌కు పాత పేరుంది, చరిత్ర ఉంది. వారియర్స్‌కు ఏముంది? పాంటిప్రిడ్ వాళ్లకు క్లబ్బు వైభవం పోయింది, బదులుగా చేతికి ఏదీ రాలేదు. నాకు కోపం వచ్చేది అక్కడ.

తమ్ముడు: అయినా, తప్పంతా వృత్తి ఆట మీదే వేస్తావా?

అక్క: లేదు. శనివారం కూడా పనిచేసే ఉద్యోగాలు పెరిగాయి. తలకు దెబ్బల భయం పెరిగింది, అది న్యాయమైన భయం. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత ఇరవైల్లో ఉన్నవారు చాలామంది ఆస్ట్రేలియాకూ కెనడాకూ వెళ్లిపోయారు. మొదట మాయమయ్యేవి మూడో జట్టు, నాలుగో జట్టు. నలభై ఏళ్ల పొట్టబాబులు సరదాకు ఆడే జట్లు. వాళ్లు పోతే బార్‌లో అమ్మకాలు పడిపోతాయి. అసలు క్లబ్బును బతికించేది బారే. కలకత్తా క్లబ్బు కథ తెలుసు కదా?

తమ్ముడు: చెప్పు, చెప్పు.

అక్క: 1870లలో బ్రిటిష్ వాళ్లు కలకత్తాలో రగ్బీ క్లబ్బు పెట్టారు. ఉచితంగా మందు పోసినన్నాళ్లు సభ్యులు కిటకిటలాడారు. అది ఆపాక పల్చబడ్డారని చెబుతారు. క్లబ్బు మూసేస్తూ బ్యాంకులోని వెండి రూపాయలు తీసి, కరిగించి కప్పు చేయించారు. పిడులకు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లండ్ 1879 నుంచీ పోటీపడే కలకత్తా కప్ అదే.

తమ్ముడు: క్లబ్బు పోయినా కప్పు మిగిలింది. మరి మీ ఊరి క్లబ్బులు ఎలా నెట్టుకొస్తున్నాయి?

అక్క: లాటరీ టికెట్లు, హాలు అద్దెలు, ఆదివారం పొద్దున పిల్లల ఆట. ఆదివారం మాత్రం కళకళలాడుతుంది. ఆడపిల్లలు కూడా బురదలో దొర్లుతారు. ఇక్కడి యూనివర్సిటీలో చదివే మన తెలుగు పిల్లలు ఒకరిద్దరు వచ్చి కడ్డీ దగ్గర నిలబడి, ఇదేమి ఆటండీ అని అడుగుతారు. కోచ్‌లు, లైన్లకు సున్నం వేసేవారు, జెర్సీలు ఉతికేవారు అందరూ జీతం లేనివారే. మా అమ్మాయి జట్టుకు ఈసారి టీ కాచే వంతు మాది. ఎనభై కప్పులు, దానికి తోడు బిస్కెట్లు. దుకాణం మూసేలోగా పాలు తెచ్చుకోవాలి, ఇక ఉంటాను.

తమ్ముడు: అల్లం కూడా తీసుకెళ్లు, కోచ్‌లకు రుచి చూపించు. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.