ఫోన్‌లో నడిచిన యాప్ స్టోర్‌కు వెళ్లాక ఎందుకు ఆగుతోంది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. మొబైల్ యాప్‌ను సొంతంగా తయారుచేసి, దానిని గూగుల్ ప్లే స్టోర్‌లో గానీ ఆపిల్ యాప్ స్టోర్‌లో గానీ పెట్టేటప్పుడు ఎదురయ్యే చిక్కుల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఆండ్రాయిడ్, ఐఓఎస్ యాప్‌లు రూపొందిస్తూ కొత్తవారికి శిక్షణ కూడా ఇస్తున్న నిపుణురాలు మనతో పాటు స్టూడియోలో ఉన్నారు. నమస్కారం మేడమ్.

నిపుణురాలు: నమస్కారమండీ. ఫోన్ చేసేవారికి ముందుగా ఒక విన్నపం. యాప్ పనిచేయడం లేదని చెప్పేటప్పుడు, అది ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేసుకున్న యాప్ అన్నది కూడా చెప్పండి. కేబుల్ పెట్టి కంప్యూటర్ నుంచి ఎక్కించినదా, వాట్సాప్‌లో పంపిన ఏపీకేనా (అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు), స్టోర్ నుంచి దించుకున్నదా అన్నది తెలిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఈ మూడూ ఒకే కోడ్ నుంచి పుట్టినా, మూడూ ఒకే యాప్ కావు.

వ్యాఖ్యాత: మొదటి కాల్ కాకినాడ నుంచి. చెప్పండి బాబూ.

శ్రోత (కాకినాడ): నమస్కారం మేడమ్. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా జిల్లా బస్సుల వేళలు చూపించే యాప్‌ను ఫ్లట్టర్ అనే యాప్ తయారీ సాధనంతో తయారుచేశాను. ల్యాప్‌టాప్‌కు ఫోన్ కలిపి నడిపితే జాబితా అంతా వస్తోంది. అందరికీ ఇవ్వడానికి రిలీజ్ ఏపీకే తయారుచేసి స్నేహితులకు పంపితే మాత్రం, వాళ్ల ఫోన్లలో చక్రం తిరుగుతూనే ఉంటోంది కానీ ఒక్క బస్సు కూడా కనిపించడం లేదు.

నిపుణురాలు: ఆ రిలీజ్ ఏపీకేను మీ ఫోన్‌లోనే ఎక్కించి చూశారా బాబూ?

శ్రోత (కాకినాడ): చూశాను మేడమ్. అక్కడా అంతే.

నిపుణురాలు: అయితే తప్పు స్నేహితుల ఫోన్లది కాదు. మీ ప్రాజెక్టులో ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపల, యాప్, ఎస్‌ఆర్‌సీ అనే ఫోల్డర్లు దాటి వెళ్తే మెయిన్, డీబగ్, ప్రొఫైల్ అని మూడు ఫోల్డర్లు కనిపిస్తాయి. డీబగ్, ప్రొఫైల్ అనేవి తయారీలో పరీక్షల కోసం. మూడింటిలోనూ యాప్‌కు కావలసిన అనుమతులు రాసే ఆండ్రాయిడ్ మేనిఫెస్ట్ అనే ఫైలు ఒకటి ఉంటుంది. ఫ్లట్టర్ కొత్త ప్రాజెక్టును సృష్టించేటప్పుడు ఇంటర్నెట్ పర్మిషన్ రాసిన వరుసను డీబగ్, ప్రొఫైల్ ఫోల్డర్లలోని ఫైళ్లలో పెడుతుంది, ఎందుకంటే కోడ్ మార్చిన వెంటనే ఫోన్‌లో కనిపించేలా చేసే సదుపాయానికి అది కావాలి. మెయిన్‌లో ఉన్న ఫైలులో పెట్టదు. రిలీజ్ బిల్డ్ తీసుకునేది మెయిన్‌ను మాత్రమే కాబట్టి మీ యాప్‌కు అసలు నెట్ వాడే అనుమతే లేకుండా పోయింది. ఆ ఒక్క వరుసను మెయిన్‌లోని ఫైలులో, అప్లికేషన్ అనే ట్యాగ్‌కు పైన రాసి, మళ్లీ బిల్డ్ చేయండి.

శ్రోత (కాకినాడ): అలా చేశాక కూడా రాకపోతే ఏం చూడాలి మేడమ్?

నిపుణురాలు: అప్పుడు మీ సర్వర్ చిరునామా హెచ్‌టీటీపీతో మొదలవుతోందా, హెచ్‌టీటీపీఎస్‌తోనా అన్నది చూడండి. ఆండ్రాయిడ్ 9 నుంచి, రహస్యలిపి లేని సాదా హెచ్‌టీటీపీని డిఫాల్ట్‌గా అడ్డుకుంటారు. దానికి మేనిఫెస్ట్‌లో మినహాయింపు రాసుకోవచ్చని చాలామంది సలహా ఇస్తారు, కానీ హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్లు ఉచితంగానే దొరుకుతున్న ఈ రోజుల్లో సర్వర్‌నే హెచ్‌టీటీపీఎస్‌కు మార్చడం సరైన పద్ధతి. మరొక మాట, నెట్ నుంచి జవాబు రాకపోతే ఊరికే చక్రం తిప్పకుండా కారణాన్ని తెర మీద చూపించండి. బస్టాండులో నిలబడి మీ యాప్ తెరిచిన ప్రయాణికుడికి ఏమైందో తెలియాలి కదా.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ కరీంనగర్ నుంచి. నమస్కారమమ్మా.

శ్రోత (కరీంనగర్): నమస్తే మేడమ్. మాకు కుట్టుపని దుకాణం ఉంది. కొలతలు, ఆర్డర్లు రాసుకోవడానికి నేనే ఒక యాప్ తయారుచేసి ప్లే స్టోర్‌లో పెట్టాను. గూగుల్ ఖాతాతో లాగిన్ అయ్యే ఏర్పాటు ఉంది. నా దగ్గర బిల్డ్ చేసిన యాప్‌లో, అది డీబగ్ అయినా రిలీజ్ అయినా, లాగిన్ అవుతోంది. స్టోర్ నుంచి దించుకున్న కస్టమర్లకు మాత్రం ఖాతా ఎంచుకున్న వెంటనే కిటికీ మూసుకుపోతోంది.

నిపుణురాలు: లాగ్‌లో, అంటే యాప్‌లో జరిగిన తప్పులు నమోదయ్యే చోట, ఏదైనా సంఖ్య కనిపించిందా అమ్మా?

శ్రోత (కరీంనగర్): 10 అని వచ్చింది మేడమ్. డెవలపర్ ఎర్రర్ అని ఉంది.

నిపుణురాలు: చాలా మంచి పని చేశారు, ఆ 10 అనే అంకెతో కారణం స్పష్టమైపోయింది. కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఇంకా ఎందరికో ఎదురవుతున్న సమస్య. ప్రతి ఆండ్రాయిడ్ యాప్ మీదా దాని యజమాని డిజిటల్ సంతకం ఉంటుంది. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లను ఏపీకేగా కాకుండా యాప్ బండిల్‌గానే ప్లే స్టోర్‌కు పంపాలి. ఈ పద్ధతిలో మీరు మీ కీతో, అంటే సంతకానికి వాడే రహస్య సంకేతంతో, సంతకం చేసి పంపే బండిల్ గూగుల్ వరకే వెళ్తుంది. అక్కడ దాని నుంచి ఒక్కొక్క ఫోన్‌కు తగిన ఏపీకేలు తయారై, వాటి మీద వేరొక కీతో సంతకం పడుతుంది. మీ దగ్గర ఉన్నది అప్‌లోడ్ కీ, కస్టమర్ ఫోన్‌లో దిగే యాప్ మీద ఉండేది యాప్ సైనింగ్ కీ. గూగుల్ లాగిన్ సేవ, యాప్ ప్యాకేజీ పేరుతో పాటు ఆ సంతకం తాలూకు ఎస్‌హెచ్‌ఏ-1 వేలిముద్రను, అంటే దాన్ని గుర్తుపట్టే చిన్న సంకేతాన్ని కూడా సరిచూస్తుంది. మీరు లాగిన్ వంటి సేవలిచ్చే గూగుల్ వారి ఫైర్‌బేస్‌లో మీ కంప్యూటర్‌లోని కీల వేలిముద్రలు మాత్రమే నమోదు చేసి ఉంటారు.

శ్రోత (కరీంనగర్): అవును మేడమ్, డీబగ్‌ది ఒకటి, నేను తయారుచేసుకున్న కీస్టోర్‌ది, అంటే కీ దాచే ఫైలుది, ఒకటి పెట్టాను.

నిపుణురాలు: మూడవది కూడా పెట్టాలి. యాప్‌లు పెట్టేవారి కోసం గూగుల్ ఇచ్చిన ప్లే కన్సోల్ అనే సైట్‌లో యాప్ సైనింగ్ అనే పేజీ తెరిస్తే రెండు సర్టిఫికెట్ల వివరాలు కనిపిస్తాయి. అందులో యాప్ సైనింగ్ కీ సర్టిఫికెట్ కింద ఉన్న ఎస్‌హెచ్‌ఏ-1ను, దానితో పాటు ఎస్‌హెచ్‌ఏ-256ను కాపీ చేసి, ఫైర్‌బేస్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో మీ ఆండ్రాయిడ్ యాప్ దగ్గర చేర్చండి. సాధారణంగా స్టోర్‌లో ఉన్న యాప్‌ను మళ్లీ పంపనవసరం లేకుండానే కొద్దిసేపటికి లాగిన్ పనిచేస్తుంది. గూగుల్ మ్యాప్స్ వాడే యాప్‌లలో, స్టోర్ నుంచి దించుకున్నాక మ్యాప్ బదులు బూడిదరంగు గళ్లు కనిపించడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం, అక్కడ మ్యాప్స్ కీకి పెట్టిన పరిమితిలో ఈ వేలిముద్ర చేర్చాలి.

శ్రోత (కరీంనగర్): ఇంకొక భయం ఉంది మేడమ్. ఆ కీస్టోర్ ఫైలు నా ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు. అది పోతే యాప్ కూడా పోయినట్టేనా?

నిపుణురాలు: ప్లే యాప్ సైనింగ్‌లో ఉన్నారు కాబట్టి పోదు. అప్‌లోడ్ కీ పోతే, కొత్త కీ తయారుచేసుకుని, దాని సర్టిఫికెట్‌ను జతచేసి, కన్సోల్‌లోనే అప్‌లోడ్ కీ మార్పు కోసం అభ్యర్థన పెట్టుకోవచ్చు. ఈ పద్ధతి రాకముందు సొంతంగా సంతకం చేసుకున్నవారికి ఈ వెసులుబాటు లేదు. కీ పోతే ఆ యాప్‌కు అప్‌డేట్ పంపే దారే ఉండేది కాదు, కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టుకుని ఉన్న వినియోగదారులను వదులుకోవలసి వచ్చేది. అయినా సరే, ఈ రాత్రికే ఆ ఫైలును, పాస్‌వర్డ్‌లను మరొక రెండు చోట్ల భద్రపరచండి. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో అందరికీ కనిపించే రిపాజిటరీలో మాత్రం పెట్టకండి.

వ్యాఖ్యాత: ఇలాంటి తేడాలు కస్టమర్లు చెప్పేదాకా తెలియకుండా ఉండవలసిందేనా మేడమ్?

నిపుణురాలు: అక్కరలేదు. ప్లే కన్సోల్‌లో ఇంటర్నల్ టెస్టింగ్ అనే విభాగం ఉంది. 100 మంది వరకు అందులో చేర్చుకోవచ్చు. అక్కడ పెట్టిన బిల్డ్ స్టోర్ నుంచే, గూగుల్ సంతకంతోనే ఫోన్‌లోకి దిగుతుంది. కాబట్టి అందరికీ విడుదల చేసే ముందు దాన్ని అక్కడి నుంచి దించుకుని, లాగిన్ నుంచి చెల్లింపు దాకా ప్రతి తెరా ఒకసారి నడిపి చూడాలని నేను పట్టుబట్టి చెబుతుంటాను.

వ్యాఖ్యాత: ఇప్పుడు తెనాలి నుంచి ఒక పెద్దాయన మాట్లాడుతున్నారు.

శ్రోత (తెనాలి): నమస్కారమమ్మా. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. మా మనవడి సాయంతో పిల్లల కోసం ఒక పదాల ఆట తయారుచేశాను. రెండు ఇబ్బందులున్నాయి. కొన్ని ఫోన్లలో మాటల అడుగున ఉన్న వత్తులు తెగిపోతున్నాయి. ఇక ఆటలో గళ్లు ఇచ్చేటప్పుడు "స్త్రీ" అనే ఏకాక్షరానికి యాప్ ఆరు గళ్లు చూపిస్తోంది.

నిపుణురాలు: నమస్కారం మాస్టారూ. మీరు చెప్పిన రెండూ తెలుగు యాప్‌లను నిజంగా పాడుచేస్తున్న లోపాలే. ముందు వత్తుల సంగతి. అక్షరాలు ఉండే పెట్టెకు ఎత్తు ఇంత అని అంకె వేసి బిగించినా, వరుసల మధ్య దూరాన్ని ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేంతే ఉంచినా, కిందికి దిగే వత్తులకు చోటు చాలదు. ఎత్తును విషయానికి తగ్గట్టు పెరిగేలా వదిలేయమనండి. ఫాంట్ చుట్టూ ఉండే ఖాళీని తీసేసే సెట్టింగ్ వాడి ఉంటే దాన్ని మానేయమనండి. ఒక్కొక్క కంపెనీ ఫోన్‌లో ఒక్కొక్క తెలుగు ఫాంట్ ఉండవచ్చు కాబట్టి, స్వేచ్ఛగా వాడుకునే అనుమతి ఉన్న ఫాంట్‌ను యాప్‌లోనే చేర్చుకుంటే అన్నిచోట్లా ఒకేలా కనిపిస్తుంది. పరీక్షకు "అమ్మ", "ఇల్లు" వంటి మాటలు చాలవు, "రాష్ట్రం", "వస్త్రాలు", "జ్యోత్స్న" వంటివి పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల పరిమాణాన్ని పెంచి కూడా చూడాలి.

శ్రోత (తెనాలి): మరి ఆరు గళ్ల మాటేమిటమ్మా?

నిపుణురాలు: కంప్యూటర్ దాచుకునేది మనం పలికే అక్షరాన్ని కాదు మాస్టారూ. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని "స్త్రీ"కి యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల లిపులకు కంప్యూటర్ సంకేతాలిచ్చే ప్రమాణంలో, ఆరు సంకేతాలున్నాయి. "లక్ష్మి"కి ఏడు, కానీ అక్షరాలు రెండే. పదం పొడవెంత అని అడిగితే ప్రోగ్రామ్ ఈ సంకేతాలనే లెక్కపెట్టి చెబుతుంది. అక్షరాలుగా విడదీసే సాధనాలు ఆండ్రాయిడ్‌లో ఉన్నాయి. అయితే తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకటిగా చూడాలన్న నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తో చేరింది. అందుకని పాత ఫోన్లు "క్ష్మి"ని మూడు ముక్కలు చేసే అవకాశం ఉంది. మీ ఆటకు సొంత నియమం రాసుకోవడమే మేలు. హల్లు తర్వాత పొల్లు వచ్చి, ఆ వెంటనే మరొక హల్లు వస్తే కలిపి ఉంచాలి. గుణింతపు గుర్తును, సున్నను, విసర్గను ముందున్న అక్షరానికే చేర్చాలి.

శ్రోత (తెనాలి): మరి "ఫోన్‌లో" అన్నప్పుడు నకారపొల్లు, లో విడిగా ఉండాలి కదా?

నిపుణురాలు: సరైన ప్రశ్న వేశారు. అక్కడ పొల్లుకూ "లో"కూ మధ్య, కలవకుండా ఆపే ఒక అదృశ్య సంకేతం ఉంటుంది. అది ఉన్నచోట కలపకూడదని నియమంలో రాయాలి. పిల్లవాడు టైపు చేసిన మాటను జవాబుతో సరిపోల్చేటప్పుడు మాత్రం, రెండు వైపులా ఆ సంకేతాన్ని తీసేసి పోల్చాలి. లేకపోతే సరైన జవాబు రాసిన పిల్లవాడికి తప్పు అని వస్తుంది, కారణమేమిటో వాడికి ఎన్నటికీ అర్థం కాదు.

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి ఒక సోదరుడు. క్లుప్తంగా అడగండి.

శ్రోత (విశాఖపట్నం): మేడమ్, నా వ్యక్తిగత ఖాతాకు 12 మంది టెస్టర్లు కావాలని ప్లే కన్సోల్ అంటోంది. డబ్బు తీసుకుని టెస్టర్లను ఇస్తామని కొందరు చెబుతున్నారు. తీసుకోవచ్చా?

నిపుణురాలు: వద్దండీ. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఈ నిబంధన ఉంది. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబర్‌లో 12కు తగ్గించారు. వారు క్లోజ్డ్ టెస్టింగ్‌లో, అంటే ఎంపిక చేసినవారికే తెరిచే పరీక్షలో చేరి 14 రోజుల పాటు ఎడతెగకుండా కొనసాగాలి. ఆ తర్వాత ప్రొడక్షన్ అనుమతికి, అంటే అందరికీ విడుదల చేసే అనుమతికి, దరఖాస్తు పెట్టేటప్పుడు, టెస్టర్లు ఏం చెప్పారు, దానిని బట్టి మీరు ఏం మార్చారు అని అడుగుతారు. యాప్ తెరిచి కూడా చూడనివారిని కొనుక్కుంటే ఆ ప్రశ్నకు రాయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. మధ్యలో ఒకరిద్దరు తప్పుకున్నా ఇబ్బంది రాకుండా 15, 20 మంది బంధుమిత్రులను చేర్చండి, వారు చెప్పిన ప్రతి లోపాన్నీ తేదీతో రాసుకోండి.

వ్యాఖ్యాత: ఒక శ్రోత సందేశం పంపారు. కొన్నేళ్ల క్రితం పెట్టిన తమ యాప్ పాత ఫోన్లలో దొరుకుతోందని, కొత్త ఫోన్‌లో వెతికితే కనిపించడం లేదని అంటున్నారు.

నిపుణురాలు: టార్గెట్ ఏపీఐ స్థాయి, అంటే యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం తయారైందో చెప్పే అంకె, పాతబడి ఉంటుంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లు, అప్‌డేట్‌లు ఆండ్రాయిడ్ 15ను, అంటే 35వ స్థాయిని లక్ష్యంగా పెట్టుకోవాలి. అప్‌డేట్ పంపకుండా ఉంచిన యాప్ కనీసం 34లోనైనా లేకపోతే, దాని లక్ష్యం కంటే కొత్త ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లలో కొత్తవారికి అది కనిపించదు. స్థాయి పెంచేటప్పుడు అంకె మార్చి ఊరుకోకుండా, నోటిఫికేషన్లకు అనుమతి అడుగుతోందా, అలారాలు వేళకు మోగుతున్నాయా అన్నవి తప్పక పరీక్షించండి. ఆండ్రాయిడ్ 13, 14లలో ఆ నియమాలు మారాయి.

వ్యాఖ్యాత: చివరి కాల్ అమెరికాలోని డాలస్ నుంచి.

శ్రోత (డాలస్): నమస్కారమండీ. ఇక్కడి మా తెలుగువాళ్ల సంఘానికి ఐఫోన్ యాప్ చేశాం. ఫోన్ నంబర్‌కు వచ్చే ఓటీపీతో లాగిన్ అవ్వాలి, అది కూడా సభ్యుల నంబర్లకే వస్తుంది. ఆపిల్ వారు లోపలికి వెళ్లలేకపోయామని తిప్పిపంపారు. ఖాతా తొలగించే ఏర్పాటు కూడా లేదని రాశారు.

నిపుణురాలు: సమీక్ష చేసేవారు మీ సభ్యులు కారు కదండీ, తలుపు తెరవకపోతే వారు చూడగలిగింది లాగిన్ తెర ఒక్కటే. సమీక్ష కోసమే ఒక నంబర్, దానికి మారని ఓటీపీ సర్వర్‌లో ఏర్పాటు చేయండి. ఆ ఖాతాలో నిజమైన సభ్యుల వివరాలు కాకుండా నమూనా వివరాలే ఉండాలి. ఆ నంబర్‌ను, ఓటీపీని ఆపిల్ వారి యాప్ స్టోర్ కనెక్ట్ సైట్‌లో యాప్ రివ్యూ వివరాల దగ్గర రాసి, సభ్యత్వం ఎలా ఇస్తారో కింద నాలుగు వాక్యాల్లో వివరించండి. ఇక ఖాతా తొలగింపు 2022 జూన్ 30 నుంచి తప్పనిసరి. యాప్‌లో ఖాతా తెరవగలిగితే, యాప్‌లోనే దాన్ని తొలగించుకోగలగాలి. కొంతకాలం నిలిపివేసే మీట పెడితే సరిపోదు.

శ్రోత (డాలస్): విరాళాల రసీదులు చట్టం ప్రకారం మేము ఉంచుకోవాలి. ఖాతాతో పాటు అవి కూడా చెరిపేయాలా?

నిపుణురాలు: చట్టం ఉంచమన్నవి ఉంచుకోవచ్చండీ, ఆ సంగతి సభ్యుడికి ముందే తెలియాలి. తొలగింపు మీట నొక్కగానే, పేరు, ఫోటో, ఫోన్ నంబర్ వంటివి ఎప్పటిలోగా చెరిపేస్తారో, రసీదులు ఎందుకు, ఎంతకాలం ఉంచుతారో ఆ తెర మీదే రాయండి. అదే మాట ప్రైవసీ పాలసీలోనూ ఉండాలి. ఆ తెరను ఫోన్‌లో వీడియో తీసి, ఆపిల్ వారి సందేశానికి ఇచ్చే జవాబుకు జతచేసి పంపండి.