పాత పాటల క్యాసెట్ అంత చౌకగా ఎలా వచ్చింది?

(తెర మీద: పాత క్యాసెట్ డబ్బాలోని అట్ట, దగ్గరగా. ఎ సైడు, బి సైడు పాటల పట్టిక.)

నమస్తే. ఈ అట్ట చూడండి. పైన ఘంటసాల గారి ఫొటో, పెద్దక్షరాల్లో ఆయన పేరు. లోపల ఒక్కో పాటకు పల్లవి మొదటి మాటలు, పక్కన సినిమా పేరు. 1980ల్లో, 90ల్లో టేప్ రికార్డర్ ఉన్న తెలుగింట్లో ఇలాంటి క్యాసెట్ ఒకటైనా ఉండేది. ఘంటసాల హిట్స్, సుశీల సోలోలు, ఎన్టీఆర్ పాటలు, విషాద గీతాలు... చాలావరకు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు దాటిన పాటలే. వాటిని అంత తక్కువ ధరకు ఎలా అమ్మగలిగారు? వేల పాటల్లోంచి ఆ పన్నెండో పద్నాలుగో ఎవరు ఏరారు?

క్యాసెట్ రాకముందు సంగతి కాస్త చెప్పుకోవాలి. 1950ల్లో సినిమా పాట ఇంట్లో పెట్టుకుని వినాలంటే గ్రామఫోన్ ఉండాలి, 78 ఆర్‌పీఎం రికార్డు ఉండాలి. ఆ రికార్డుకు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. సినిమాలో పాట పొడవుగా ఉంటే రికార్డు కోసం కుదించేవారు, లేదంటే రెండు వైపులకూ పంచేవారు. తర్వాత ఒక్కో వైపు చాలా పాటలు పట్టే ఎల్పీ రికార్డులు వచ్చినా, రికార్డు ప్లేయర్ కొనగలిగినవాళ్లు ఎంతమంది? మిగతా అందరికీ రేడియోనే దిక్కు. రేడియోవాళ్లు వేసినప్పుడే వినాలి.

(తెర మీద: టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్.)

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్ మన ఊళ్లలోకి దిగేసరికి 1970ల చివరికొచ్చింది. గల్ఫ్‌కు పనికెళ్లినవాళ్లు సెలవులకు వస్తూ టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టె, మోసుకొచ్చేవారు. కొన్నేళ్లకే ఇక్కడ తయారైన ప్లేయర్లు కూడా అందుబాటు ధరకు వచ్చాయి. దాంతో టౌన్లలో రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. కాగితం మీద పాటలు రాసి, ఖాళీ క్యాసెట్ చేతికిస్తే, తమ దగ్గరున్న ఎల్పీల నుంచి ఎక్కించి ఇచ్చేవారు. చట్టం ఒప్పుకునే పని కాదది. కానీ ఆ కాగితాలు చూస్తే జనానికి ఏం కావాలో ఎవరికైనా అర్థమైపోయేది. ఒకే సినిమాలోని పాటలన్నీ ఎవరూ అడగరు. పది సినిమాల్లోంచి తలా ఒకటి అడుగుతారు.

కంపెనీ క్యాసెట్ సరిగ్గా ఆ కాగితానికి అచ్చు రూపం. ఇక లెక్క చూడండి. కొత్త సినిమా పాటలు అమ్మాలంటే నిర్మాతకు ముందే డబ్బు కట్టాలి. సినిమా ఆడకపోతే ఆ డబ్బు పోయినట్టే. పాత పాటకు ఆ టెన్షన్ లేదు. స్టూడియో ఖర్చు, వాద్యబృందం ఖర్చు ఎప్పుడో తీరిపోయాయి. పాట అసలు రికార్డింగ్, అంటే మాస్టర్ టేపు, కంపెనీ గోదాములోనే ఉంది. టేపు, డబ్బా, అట్ట, పాత ఒప్పందాల ప్రకారం ఇచ్చే కొద్దిపాటి రాయల్టీ. ఖర్చంతా అంతే. పైగా పాట హిట్టో కాదో ముందే తెలుసు.

నిడివి కూడా కలిసొచ్చింది. 78 రికార్డు కోసం మూడున్నర నిమిషాలకు కుదించిన పాటలు 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు ఏడెనిమిది చక్కగా సర్దుకున్నాయి. అందుకే చాలా పాటలు మనకు సినిమాలో ఉన్నంత పొడవుగా కాకుండా, రికార్డుకు కుదించిన రూపంలోనే కంఠతా వచ్చాయి.

(తెర మీద: కిరాణా కొట్టు ముందు వేలాడదీసిన క్యాసెట్లు.)

ఇక్కడ ఢిల్లీ నుంచి గుల్షన్ కుమార్ రంగంలోకి దిగారు. టీ-సిరీస్ క్యాసెట్ కంపెనీ పెట్టింది ఆయనే. హిందీ పాత పాటల అసలు రికార్డులు ఎక్కువగా హెచ్‌ఎంవీ (గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా లేబుల్) చేతిలో ఉన్నాయి. ఆయన వేరే దారి పట్టారు. 1957 కాపీరైట్ చట్టంలో అప్పట్లో ఒక వెసులుబాటు ఉండేది: రికార్డు వచ్చి రెండేళ్లు దాటాక, నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి, అదే పాటను వేరేవాళ్లతో మళ్లీ పాడించుకోవచ్చు. రఫీ పాటలు, కిశోర్ పాటలు కొత్త గొంతులతో వచ్చాయి. ధర తగ్గించి, పాన్ షాపుల్లో, కిరాణా కొట్లలో కూడా అమ్మించారు. తెలుగులోనూ ఘంటసాల పాటలు వేరే గాయకుల గొంతులతో క్యాసెట్లుగా వచ్చాయి. అట్ట మీద ఉన్న పేరు చూసి కొనుక్కెళ్లి, ఇంట్లో పెట్టి విన్నాక మొహం వాడిపోయినవాళ్లు చాలామందే ఉంటారు. 2012 సవరణ ఆ గడువును ఐదేళ్లు చేసి, షరతులు గట్టిగా బిగించింది.

నా మనసుకు బాగా గుచ్చుకునే సంగతి మరొకటి ఉంది. "ఆణిముత్యాలు" అని అట్ట మీద రాసినా, ఏ కంపెనీ అయినా తన దగ్గర హక్కులున్న పాటల్లోంచే ఏరుతుంది. ఇళయరాజా పాటలు చాలా ఎకో అనే కంపెనీ లేబుల్ మీద వచ్చాయి. మరో కంపెనీ వేసిన ఇళయరాజా హిట్స్‌లో అవి ఎలా ఉంటాయి? ఒక సంకలనం బాగా అమ్ముడైతే రెండో దాంట్లోనూ అవే పాటలు. రేడియోలోనూ అవే, టీవీ పోటీల్లోనూ అవే. పెండ్యాల, మాస్టర్ వేణు, టి. చలపతిరావు లాంటి సంగీత దర్శకులు చేసిన మంచి పాటలు ఎన్నో అట్ట మీదికి ఎక్కక మన చెవిన పడకుండా పోయాయి. తక్కువ ధర వల్ల ఆ నలభై యాభై పాటలు మూడు తరాల నోళ్లలో నానాయి. అది చిన్న మేలేం కాదు. కానీ పాత పాట అంటే అంతే అని మనం అనుకోవడం మొదలైంది కూడా అక్కడే.

తర్వాత ఎంపీత్రీ సీడీ వచ్చింది. 700 ఎంబీ డిస్కు. మామూలు నాణ్యతలో నిమిషం పాటకు సుమారు ఒక ఎంబీ. అంటే పాత పాటలు 200 దాకా పడతాయి. బస్టాండ్ దగ్గర పేవ్‌మెంట్ మీద వంద పాటలు, నూటయాభై పాటలు అంటూ అమ్మారు. అసలువి కొన్ని, దొంగ కాపీలు ఎక్కువ.

(తెర మీద: కార్వాన్, డయల్ తిప్పుతున్న చెయ్యి.)

2017లో సారెగమ కార్వాన్ తెచ్చింది. సారెగమ అంటే ఒకప్పటి గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియానే. చూడ్డానికి పాత రేడియో, లోపల 5,000 హిందీ పాటలు. ఇంటర్నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, డయల్ తిప్పితే చాలు. తర్వాత తెలుగు పాటలతోనూ వచ్చింది. పాట వెతుక్కోవడం రాని పెద్దవాళ్లకు ఇది ఎంత హాయో, అమ్మానాన్నలకు కొనిచ్చినవాళ్లను అడగండి. నా దృష్టిలో క్యాసెట్ తర్వాత పాత పాటకు జరిగిన మంచి పని ఇదే.

(తెర మీద: మళ్లీ ఆ అట్ట. పాటల పట్టిక దగ్గరగా.)

ఈ పట్టికలో గాయకుడున్నాడు, సినిమా ఉంది. పాట రాసినవారేరీ? బాణీ కట్టినవారేరీ? సముద్రాల, పింగళి, ఆత్రేయ, కొసరాజు, దాశరథి, ఆరుద్ర... ఈ కవులు హక్కులన్నీ నిర్మాతకు రాసిచ్చేసేవారు. పాటను ఇంకోసారి వాడుకున్నప్పుడు కవికి, స్వరకర్తకు వాటా ఇవ్వాల్సిందేనని, ఆ హక్కును ముందే రాయించుకోవడం చెల్లదని చట్టం చెప్పింది 2012లో. అప్పటికి వీళ్లెవరూ లేరు.

ఇప్పుడు సంకలనం అంటే యూట్యూబ్ జ్యూక్‌బాక్స్. గంట వీడియోలో పదిహేను పాటలు, ఖర్చు డేటా మాత్రమే. క్యాసెట్ అట్ట మీద చోటు చాలలేదనుకుందాం. డిస్క్రిప్షన్‌లో చోటుకు కొదవేముంది? పెట్టేవాళ్లు పాటపాటకూ గాయకుడితో పాటు కవి పేరు, సంగీత దర్శకుడి పేరు రాయండి. రాయని జ్యూక్‌బాక్స్ కనిపిస్తే, మీకు తెలిసిన పేర్లు మీరే కింద కామెంట్‌లో రాయండి.