అంగుళంన్నర కన్నం కోసం ఒక పాత బిట్: ఎక్స్‌పాన్సివ్ బిట్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. ఉన్నది ఒక్కటే బిట్. దీంతో అంగుళం కంటే కాస్త చిన్న కన్నం దగ్గర్నుంచి మూడంగుళాల కన్నం దాకా ఏ సైజైనా వేయొచ్చు. పేరు ఎక్స్‌పాన్సివ్ బిట్. కరెంటు డ్రిల్లుకి పెట్టేది కాదు, చేత్తో తిప్పే బ్రేస్‌కి పెట్టేది. బ్రేస్ అంటే వంకీ ఉన్న బర్మా అనుకోండి. చిన్నప్పుడు మా ఊళ్ళో వడ్రంగి బాబాయి బర్మాని తాడుతో అటూ ఇటూ ఆడించేవాడు. ఇది అలా కాదు, ఒకే వైపు తిరుగుతుంది.

నేనుండేది అమెరికాలో, ఒహైయో రాష్ట్రంలో. ఇక్కడి పాత సామాన్ల సంతలో 12 డాలర్లకి దొరికింది. కాడ మీద పేరు పూర్తిగా అరిగిపోయింది, అందుకని ఎవరు చేశారో చెప్పలేను. ఇలాంటి సంతల్లో ఎక్కువగా కనిపించేది ఇర్విన్ వాళ్ళ 22 నంబరు. ఆ కంపెనీ ఈ రాష్ట్రంలోనే, విల్మింగ్టన్‌లో 1885లో మొదలైంది. 22 నంబరు 7/8 అంగుళం నుంచి 3 అంగుళాల దాకా వేస్తుంది. దాని తమ్ముడు 21 నంబరు 5/8 నుంచి అంగుళం ముప్పావు దాకా. ఈ ఆలోచన మాత్రం ఇంకా పాతది. కనెటికట్‌కి చెందిన విలియం క్లార్క్ 1858లోనే పేటెంట్ తీసుకున్నాడు.

ఇక నాకెందుకు కావాల్సొచ్చిందంటే, పిట్టగూళ్ళ కోసం. ఇక్కడ బ్లూబర్డ్ అనే నీలం పిట్ట ఉంటుంది. దాని గూటికి కన్నం సరిగ్గా అంగుళంన్నర ఉండాలి. కాస్త పెద్దదైతే స్టార్లింగులు దూరి గూడు లాక్కుంటాయి. స్టార్లింగ్ మన గోరువంక కుటుంబానిదే, దానికంటే ఏం తక్కువ గడుసుది కాదు. చికడీ అనే ఇంకా చిన్న పిట్టకైతే అంగుళం మీద ఎనిమిదో వంతు చాలు. ఒక్కో సైజుకీ ఒక్కో బిట్ కొనే బదులు ఈ ఒక్కటీ సరిపోతుంది కదా అనుకున్నాను.

ఇప్పుడు మొన వైపు చూడండి. నడుమ చిన్న స్క్రూ ఉంది. అది చెక్కలోకి దిగుతూ బిట్‌ని తనే లాక్కుపోతుంది. ఆ పక్కన కదలని చిన్న కత్తి, అది మధ్య భాగాన్ని తవ్వుతుంది. ఈ గాడిలో జారేది పెద్ద కత్తి. దాని అంచున పన్ను ముందు గుండ్రంగా గీస్తుంది, వెనకాలే కత్తి చెక్కని లేపుతుంది. పైనున్న ఈ స్క్రూ విప్పితే కత్తి జరుగుతుంది. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: కత్తిని పదహారో వంతు జరిపితే కన్నం ఎనిమిదో వంతు పెరుగుతుంది, రెట్టింపన్నమాట. కత్తి మీద గీతలున్నా నేను వాటిని నమ్మను. నడి స్క్రూ మొన నుంచి పన్ను బయటి అంచుకి ముప్పావు అంగుళం కొలిచి, ముందు పనికిరాని చెక్క మీద వేసి చూస్తాను.

మొదటిసారి పెద్ద కత్తిని పట్టుంచే ఆ పై స్క్రూ గట్టిగా బిగించలేదు. సగం లోతుకి వచ్చేసరికి కత్తి జారింది. మంచి సీడర్ పలక పాడైపోయింది, చాలా బాధేసింది. తప్పు నాదే. అప్పట్నుంచీ బిగించాక ఒకసారి, నాలుగు చుట్లు తిప్పాక ఇంకోసారి చూసుకుంటున్నాను.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. బయటి వలయం అంతా ఒక్క కత్తే కోస్తుంది. బరువంతా ఒక పక్కే పడుతుంది, బిట్ ఊగుతుంది. కన్నం పెద్దదయ్యేకొద్దీ తిప్పడం కష్టం. 10 అంగుళాల బ్రేస్‌తో (వంకీ తిరిగే చుట్టు అడ్డంగా అంత) చేతులు పడిపోయాయి. 12 అంగుళాలది పెట్టాక పని సాగింది. సీడర్, పైన్ లాంటి మెత్తని చెక్కలో బాగుంటుంది. ఓక్‌లో రెండంగుళాల కన్నం ప్రయత్నించి ఆపేశాను. గట్టి చెక్కలో పెద్ద కన్నాలైనా, ఒకే సైజులో ఇరవై కన్నాలైనా ఫోర్స్‌నర్ బిట్, అంటే ఒకే సైజు కన్నం వేసే కరెంటు డ్రిల్లు బిట్, కొనుక్కోండి.

అవతలి వైపు చీలకుండా ఏం చేయాలంటే, పలక కింద ఇంకో చెక్క పెట్టి రెంటినీ కలిపి క్లాంపు వేయండి. నడి స్క్రూ కింది చెక్కని పట్టుకుని లాగుతూనే ఉంటుంది, అంచు చూడండి, ఎంత శుభ్రంగా వచ్చిందో.

పదును పెట్టేటప్పుడు చిన్న ఆకురాయి చాలు. పన్నుని లోపలి వైపు మాత్రమే రాయండి. బయటి వైపు రాస్తే కత్తి చెక్కలో పట్టేస్తుంది, కొలతా తప్పుతుంది. దీన్ని కరెంటు డ్రిల్లుకి మాత్రం పెట్టకండి. నడి స్క్రూ ఒక్కసారిగా లాగేస్తే మణికట్టు తిరిగిపోతుంది.

సంతలో కొనేవాళ్ళు ముందు నడి స్క్రూ మరలు చూడండి. అవి అరిగిపోయుంటే ఎంత చవకైనా వద్దు. తర్వాత పెద్ద కన్నాల కోసం గాడిలో మార్చి పెట్టుకునే రెండో కత్తి ఉందా అని అడగండి, చాలా వాటికి పోయి ఉంటుంది. నేను చేస్తున్న ఈ పిట్టగూటి పెట్టెకి ఇంకా కప్పు బిగించాలి. మార్చి లోపల కంచె దగ్గర పాతేస్తాను, బ్లూబర్డ్ వస్తే ఆ వీడియో పెడతాను.