నచ్చలేదు, బాగాలేదు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మీ అందరికీ నమస్కారం. 'కళ: అభిరుచి, విమర్శ' అనే అంశం మీద ఒక వ్యాసం రాసుకొచ్చాను. దాన్ని తీసే ముందు ఒక బొమ్మ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది నా నోట రాదు.

చాలా ఏళ్ల క్రితం పిల్లల బొమ్మల పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. ఒక బొమ్మలో కిటికీ పక్కన ఖాళీ కుర్చీ, దాని చేతి మీద మడిచిపెట్టిన కళ్లజోడు. అంతా బూడిదరంగే. ఒక అద్దంలో మాత్రం ఆవగింజంత పసుపు. నాకు మొదటి నుంచీ నిండు రంగులంటే ఇష్టం. బొమ్మ పక్కన పెట్టేశాను. బహుమతులయ్యాక ఆ పాప వచ్చి, "నా బొమ్మ ఎలా ఉంది సార్?" అంది. "బాగాలేదమ్మా" అన్నాను. "ఏది బాగాలేదు సార్?"

గీత తప్పిందా? లేదు. వెలుగు ఎటు నుంచి వస్తోందో తెలియదా? తెలుసు, ఆ పసుపు చుక్కే సాక్ష్యం. నాకు నచ్చలేదు, అంతే. ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. "బాగాలేదు" అన్నాక ఎక్కడో వేలు పెట్టి చూపించాలి కదా. చూపించలేకపోయాను.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. కాదనను. నాట్యశాస్త్రం 27వ అధ్యాయం కూడా అదే అంటుంది: పడుచువాళ్లకు శృంగారం, శూరులకు వీరరౌద్రాలు, వృద్ధులకు పురాణకథలు నచ్చుతాయని. కానీ తగవు వస్తే తీర్పు ఎవరు చెప్పాలో కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ఛందస్సుకి ఛందస్సు తెలిసినవాడు, సంగీతానికి సంగీతం తెలిసినవాడు, విల్లు పట్టే తీరుకి విలుకాడు. ఎవరి ఇష్టం వాళ్లదని ఒప్పుకున్న గ్రంథమే తీర్పుకి ఇంత కట్టుదిట్టం చేసింది. దయచేసి ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

1757లో అభిరుచి మీద వ్యాసం రాస్తూ స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఒక పాత కథ చెప్పాడు. ఇద్దరు ఒకే పీపాలోని వైన్ రుచి చూశారు. బాగుంది గానీ తోలు రుచి తగులుతోందని ఒకడు, ఇనుము రుచి తగులుతోందని ఇంకొకడు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీ కట్టిన పాత తాళంచెవి దొరికింది. నాలుక వాళ్లదే, తాళంచెవి మాత్రం పీపాలో ఉంది! ఆ రోజు నేను పీపాలో లేనిదాన్ని ఉందన్నాను. అదీ ఒక చిన్నపిల్లతో.

వ్యాసం ఇక చదవను. పోటీలు పెట్టేవాళ్లు ఈ సభలో ఉన్నారు, వాళ్లకు ఒక మనవి. మార్కుల కాగితంలో అంకె పక్కన రెండు గీతల జాగా వదలండి. కారణం అక్కడ రాయమనండి. రాయలేకపోతే ఆ బొమ్మను మళ్లీ బల్ల మీదికి తెప్పించండి.