జాంగ్‌గమ్‌ని మళ్లీ చూడాలంటే ఎవరిని అడగాలి?

(హంగుల్ దినోత్సవం నాడు ఒక కళాశాలలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఇందాక కొరియన్ పాటలకు అంత చక్కగా డాన్సు చేసిన పిల్లలకు, వాళ్లను తీసుకొచ్చి వెనక వరుసల్లో ఓపిగ్గా కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. ఇంకా చదవాల్సిన పేర్లు కాగితం నిండా ఉన్నాయి. కానీ నాకిచ్చిన టైము కొంచెం, అందులో శాలువాకే సగం పోయింది. అందరికీ కలిపి ఒకటే నమస్కారం అనుకోండి.

నాకిచ్చిన అంశం ‘కొరియన్ సంస్కృతి, నేటి యువత’. యువత గురించి మీకు నేను చెప్పేదేముంది? నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చుని రిటైరైన మనిషిని. నాకు తెలిసింది సగుక్‌లు, అంటే కొరియావాళ్ల చారిత్రక సీరియళ్లు. వాటి గురించే మాట్లాడతాను. ఇవాళ అక్టోబర్ 9, కొరియావాళ్లకు సేజోంగ్ రాజు ఇచ్చిన హంగుల్ అక్షరాల పండుగ. కాబట్టి సందర్భానికి మరీ దూరం పోయినట్టు కూడా కాదు.

ఏదీ, చేతులెత్తండి. ‘కింగ్‌డమ్’ చూసినవాళ్లు? ‘మిస్టర్ సన్‌షైన్’? ‘అండర్ ద క్వీన్స్ అంబ్రెల్లా’? బాగుంది, సగం హాలు లేచింది. ఇప్పుడు చెప్పండి, ‘టియర్స్ ఆఫ్ ద డ్రాగన్’? ‘తేజో వాంగ్ గన్’? ఒక్క చెయ్యీ లేదు. మొదటిది 1996 నుంచి 1998 దాకా కొరియా టీవీ ఛానెల్ కేబీఎస్‌లో వచ్చింది, 159 ఎపిసోడ్లు. రెండోది 2000 నుంచి 2002 దాకా, 200 ఎపిసోడ్లు. కొరియాలో వాటిని ఇంటిల్లిపాదీ చూశారు. మీరు చూడలేదంటే తప్పు మీది కాదు. పదహారు ఎపిసోడ్లలో అయిపోయేవి మన ఫోన్లోకి వాటంతట అవే వస్తున్నాయి. పెద్దవి మాత్రం రావు. ఎందుకు రావో చెప్పడానికే వచ్చాను.

2006లో దూరదర్శన్ నేషనల్ ఛానెల్లో ‘డే జాంగ్‌గమ్’ వేశారు, ‘ఘర్ కా చిరాగ్’ అనే పేరుతో, హిందీలో డబ్బింగ్ చేసి. రాజుగారి వంటశాలలో చేరి, చివరికి ఆయనకే వైద్యురాలైన జాంగ్‌గమ్ అనే అమ్మాయి కథ. కొరియాలో అది ఎంబీసీలో 2003లో మొదలై 54 ఎపిసోడ్లు నడిచింది. మా మామయ్యగారు తెనాలిలో ఆయుర్వేద వైద్యులు. హిందీ ముక్క రాదు. టీవీ అంటే ఆయనకు వార్తలే. ఒకరోజు అనుకోకుండా ఈ సీరియల్ దగ్గర ఆగారు. అందులో వంటశాల పెద్దావిడ హాన్ చిన్న జాంగ్‌గమ్‌ని మంచినీళ్లు తెమ్మంటుంది. తెస్తే, ఇంకోసారి తెమ్మంటుంది. ఎలా తెచ్చినా మళ్లీ తెమ్మంటుంది. చివరికి ఆ పిల్ల, కడుపులో నొప్పిగా ఉందా, విరేచనం అయిందా, గొంతు నొప్పిగా ఉందా అని అడిగి, గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి తెచ్చి, మెల్లగా తాగమంటుంది. పక్కన కూర్చుని నేను తెలుగులో చెబుతున్నాను. మామయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ‘అమ్మాయ్, ఇదీ వైద్యం! ముందు అడగాలి, తర్వాత ఇవ్వాలి!’ అన్నారు. మర్నాటి నుంచి వచ్చిన ప్రతి రోగికీ ఈ కథే. గొంతు నొప్పని వచ్చినవాడు కొరియా రాజుగారి వంటశాల సంగతులన్నీ విని, ఆ తర్వాతే మందు తీసుకెళ్లాలి.

కరెంటు పోయినప్పుడల్లా ఒక ఎపిసోడ్ పోయేది. సీరియల్ అయిపోయాక ఆయన అడిగింది ఒకటే, ‘మొదట్నించీ చూడాలమ్మా, ఎక్కడ దొరుకుతుంది?’ మా ఆడపడుచు అమెరికా నుంచి డీవీడీల పెట్టె తెచ్చింది. చాలా ఖరీదు పెట్టింది. మా ప్లేయర్‌లో పెడితే, రీజియన్ తప్పు అని తెర మీద ఒక వాక్యం వచ్చి ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, డీవీడీలకు దేశాల లెక్కన నంబర్లుంటాయని. అమెరికా 1, కొరియా 3, మనది 5. మామయ్యగారు పెట్టెను అటూ ఇటూ తిప్పి, ‘డబ్బు పెట్టి కొన్నాం కదా, దీనికేం రోగం?’ అన్నారు. టీవీలు బాగుచేసే కుర్రాడొకడు వచ్చి, ట్రే బయటికి తీసి, రిమోట్ మీద ఏవో నాలుగు అంకెలు నొక్కాడు. అంతే, అన్ని రీజియన్లూ ఆడాయి. అంటే తాళం అంత బలమైనదేం కాదు. డబ్బిచ్చి కొనుక్కున్నవాణ్ణి ఇబ్బంది పెట్టడానికి మాత్రం సరిపోయింది.

మా ఇంటి సంగతే చెబుతున్నాననుకోకండి. 2000లో మణిపూర్‌లో తీవ్రవాదులు హిందీ సినిమాలు, హిందీ కార్యక్రమాలు ఆపేయమన్నాక అక్కడి కేబుల్లోకి కొరియావాళ్ల అరిరంగ్ ఛానెల్ వచ్చింది. బర్మా సరిహద్దులో మోరే బజారు నుంచి సీడీలు వచ్చాయి. ఇరాన్‌లో జాంగ్‌గమ్ తర్వాత ‘జుమోంగ్’ అనే ఇంకో సగుక్ చూశారు. శ్రీలంకలో జాంగ్‌గమ్‌కి సింహళంలో ‘సుజాత దియణి’ అని పేరు పెట్టుకున్నారు. ఇన్ని దేశాల జనం ఒకే సీరియల్‌కి అలవాటు పడ్డాక, దాన్ని మళ్లీ చూడాలని అడిగితే వినేవాళ్లు లేకపోవడం ఏమిటి?

ఆ లోటు తీర్చింది అభిమానులే. ఎక్కడెక్కడి వాళ్లో రాత్రిళ్లు కూర్చుని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు. సగుక్‌కి రాయడం ప్రేమకథకి రాసినంత సులువు కాదు. ఎవరు ఏ పదవి, రాణిగారికీ రాజమాతకీ మధ్య పేచీ ఏమిటి, ఏ వర్గం ఏ వర్గాన్ని దేశం దాటించింది, అన్నీ తెలియాలి. వాళ్లు పైన చిన్న అక్షరాల్లో వివరణలు కూడా పెట్టేవాళ్లు. ఫైల్ దించుకుంటే వీడియోతో కలిసేది కాదు. మాట ముందు, అక్షరం వెనక. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో జి నొక్కితే ఒకవైపు, హెచ్ నొక్కితే ఇంకోవైపు జరుగుతుంది, ఒక్కో నొక్కుకి సెకనులో ఇరవయ్యో వంతు. రాజుగారు కన్నెర్ర చేసేదాకా జి నొక్కుతూ కూర్చోవడం నాకు బాగా గుర్తు. మధ్యలో ప్రకటనలు కత్తిరించిన కాపీ అయితే పావుగంటకోసారి మళ్లీ మొదలు.

మీరు దొంగచాటుగా చూశారు కదా అని కొందరు అంటారు. మొదటి వరుసలో ఒక సారు నవ్వుతున్నారు కూడా. అయ్యా, నేను క్యాషియర్ని. డబ్బు కట్టడం, కట్టించుకోవడం నాకు బాగానే వచ్చు. కడతామంటే తీసుకునే కౌంటరే లేదు, అదీ నా గొడవ. 2017లో కేబీఎస్, ఎంబీసీ, ఎస్‌బీఎస్ మూడు ఛానెళ్లూ కలిసి ఇంటర్నెట్‌లో సీరియళ్లు చూపించడానికి కోకోవా అని ఒక సర్వీసు పెట్టాయి. సంతోషించాం. మొదలుపెట్టింది అమెరికాలో. 2018 అక్టోబర్‌లో కొరియా సీరియళ్లు చూపించే డ్రామాఫీవర్ అనే సైటు ఉన్నట్టుండి మూతపడింది. వికీ (Viki, వికీపీడియా కాదు) అనే ఇంకో సీరియళ్ల సైటులో ఇప్పటికీ స్వచ్ఛందంగా సబ్‌టైటిల్స్ రాసేవాళ్లున్నారు. వీడియోని ముక్కలుగా కోసి టైము పెట్టేవాళ్లు వేరు, రాసేవాళ్లు వేరు, దిద్దేవాళ్లు వేరు. ఏ సర్వీసులోనైనా హక్కుల గడువు తీరితే సీరియల్ పోతుంది. దాంతోపాటు వాళ్ల రాతా మన కంటికి కనపడదు.

నాకు జరిగింది చెబుతాను, సర్వీసు పేరు చెప్పను. ఏడాది చందా కట్టి ‘క్వీన్ సొండొక్’ మొదలుపెట్టాను, 62 ఎపిసోడ్లు. అందులో మిషిల్ అనే ఆవిడ ఉంటుంది, సింహాసనం లేకుండానే రాజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. ఆవిడ సంగతి తేలే సమయానికి ఒక ఉదయం పోస్టరు బూడిదరంగులోకి మారింది. నొక్కితే ‘మీ ప్రాంతంలో అందుబాటులో లేదు’. నిన్నటిదాకా నా ప్రాంతం ఇదే కదా! రాస్తే జవాబొచ్చింది, మీ అభిప్రాయం మాకు విలువైనది అని. అంత విలువైనదైతే నా చందా తిరిగివ్వాలి కదా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మాకు అమ్మరు, ఊరికే దొరికితే ఊరుకోరు.

ఇంకోటి వినండి, కంప్యూటర్ పిల్లలు ముఖ్యంగా. యూట్యూబ్‌లో ఇదివరకు చూసేవాళ్లే సబ్‌టైటిల్స్ రాసి పంపే వీలుండేది. 2020 సెప్టెంబర్‌లో తీసేశారు. కొరియా ఛానెళ్లు పాత సగుక్‌లు కొన్ని తమ యూట్యూబ్ ఛానెళ్లలోనే పెడుతున్నాయి, అందుకు దణ్ణం పెట్టాలి. కానీ కొరియన్‌లోనే ఉన్నవాటికి ఉచితంగా రాసిస్తామని మనం ముందుకొచ్చినా తలుపు మూసే ఉంది. మెషీన్ అనువాదం ఉంది కదా అంటారు. కొలువులో మాట్లాడే ఆ పాత భాష దానికి అంతుపట్టదు, ఒకసారి పెట్టి చూడండి, మీకే నవ్వొస్తుంది.

అసలు నా కోపమంతా ఎక్కడంటే, జాంగ్‌గమ్ లాంటివి పుట్టింది ‘జొసన్ రాజవంశ వార్షికల’ నుంచి, అంటే కొరియాను ఏలిన జొసన్ రాజుల చరిత్ర గ్రంథం నుంచి. 25 మంది రాజులు, 472 ఏళ్ల రోజువారీ లెక్క. 1997లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలోకి ఎక్కింది. అందులో జాంగ్‌గమ్ గురించి ఉన్నవి కొద్ది మాటలే. 1544లో జబ్బుపడ్డ జుంగ్‌జోంగ్ రాజు, నా జబ్బు సంగతి వైద్యురాలికి తెలుసు అన్నాడని రాసుంది. ఆ కొద్ది మాటల మీదే 54 ఎపిసోడ్లు అల్లారు. ఆ గ్రంథాన్ని నాలుగు ప్రతులు చేసి నాలుగు ఊళ్లలో దాచారు. 1592లో జపాన్ దండెత్తినప్పుడు మూడు తగలబడ్డాయి. జొంజూలో ఉన్న ప్రతిని ఆన్ ఉయి, సోన్ హోంగ్‌రోక్ అనే ఇద్దరు పండితులు నేజాంగ్ కొండల్లోకి మోయించి కాపాడారు. వాళ్లు రాజుగారి బంట్లు కారు, ఊళ్లో ఉండే చదువరులు. యుద్ధమయ్యాక దాని నుంచే మళ్లీ ప్రతులు అచ్చువేశారు.

ఇవాళ ఆ గ్రంథం ఇంటర్నెట్‌లో ఉచితం. మీరు కొరియన్ నేర్చుకుంటే ఇక్కడే కూర్చుని చదవొచ్చు. రాజుగారి జబ్బు సంగతి ప్రపంచానికంతటికీ తెరిచిపెట్టారు, దాని మీద తీసిన సీరియల్‌కి మాత్రం ఊరూరా తాళాలు. కారణాలున్నాయి, కాదనను. 1996లో సీరియల్ తీసేవాళ్లు ఇంటర్నెట్ హక్కులకని ఎవరితో ఒప్పందం రాసుకుంటారు? పాటల హక్కులు వేరు, నటుల హక్కులు వేరు. 200 ఎపిసోడ్లకు సబ్‌టైటిల్స్ రాయించడం ఖర్చే. అందుకే రాసేవాళ్లను దగ్గరికి తీసుకోమంటున్నాను.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. అయిపోవచ్చిందండి, రెండు నిమిషాలు.

2020 జాతీయ విద్యావిధానం సెకండరీ స్కూళ్లలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్ పేరు కూడా రాసింది. ఇక్కడ కొరియన్ నేర్చుకుంటున్న పిల్లలెంతమంది? లేచి నిలబడండి, సిగ్గుపడకండి. మీతోనే పని. ఆ ఛానెళ్లకు ఇంగ్లీషులో నేను రాసినవాటికి దిక్కులేదు, మీరు కొరియన్‌లో రాయండి. ఊరికే ఇమ్మనొద్దు. డబ్బు కడతామనండి. సబ్‌టైటిల్స్ తెలుగులో మేం రాస్తామనండి, హక్కు మీ దగ్గరే ఉంచుకోమనండి, మా రాత మాత్రం గడువుతోపాటు చెరిపెయ్యొద్దనండి.

ఒక నోటు పుస్తకం పంపిస్తున్నాను, ఈ చివర నుంచి ఆ చివరికి. మీ పేరు అక్కర్లేదు. చూడాలనుకుని దొరకని సీరియల్ పేరు రాయండి, ఎన్నో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయారో కూడా రాయండి. తల్లిదండ్రులూ రాయొచ్చు, తెలుగులో రాసినా ఫర్వాలేదు. ఆ లిస్టే ఉత్తరంతో కలిపి పంపుదాం. మొదటి లైను నేనే రాసేశాను, క్వీన్ సొండొక్, 49. రెండో లైను నుంచి మీరు మొదలుపెట్టండి, పెన్ను దానికే కట్టి ఉంది.