నొప్పి లేదు, సలుపే

శ్రోతలకు నమస్కారం. నేను ఫిజియోథెరపిస్టుని. నెలకి రెండుసార్లు మా ఊరి పక్కనున్న ఒక వృద్ధాశ్రమానికి వెళ్తుంటాను. మొదట్లో అందర్నీ ఒకటే అడిగేదాన్ని, "నొప్పులేమైనా ఉన్నాయా?" అని. ఒక మామ్మగారు ఫక్కున నవ్వేశారు. "ఈ వయసులో నాకు నొప్పులేమిటే తల్లీ!" ఆవిడ లెక్కలో నొప్పులంటే పురిటినొప్పులే. మరి మోకాళ్ళో? "అదా, రాత్రంతా ఒకటే సలుపు. నడుం పీకేస్తుంది. అరికాళ్ళు మంటలు."

ఆ రోజు నుంచి నా ప్రశ్న మార్చుకున్నాను. పోటు, సలుపు, గుంజుడు, తిమ్మిరి... ఇవన్నీ ఒకటి కావు. షుగరున్న మనిషి అరికాళ్ళు మండుతున్నాయంటే నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. దానికి మామూలు నొప్పి మాత్ర పెద్దగా పనిచెయ్యదు.

అడిగినా కొందరు చెప్పరు. చెబితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి కదా. ఆటో కావాలి, తోడుగా ఆయా కావాలి, రోజంతా పోతుంది. అక్కడ మొదట అడిగేది "వెంట ఎవరొచ్చారు?" అని. "ఆయా నాతో వచ్చేస్తే మంచాన ఉన్నవాళ్ళకి అన్నం ఎవరు పెడతారమ్మా?" అని ఒక తాతగారు నన్నే ఎదురడిగారు. నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వాసుపత్రుల్లో పెద్దవాళ్ళకి వేరే క్యూ ఉండాలని 2007 నాటి చట్టం చెబుతోంది. బాగుంది, ఆ క్యూ దాకా చేరేదెలా?

ఇక మిగిలింది మెడికల్ షాపు. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వారాల తరబడి మింగేస్తుంటారు. అసలే బీపీ మందుల మీద ఉన్నవాళ్ళు. ఈ మాత్రలకి బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో పుండు పడి రక్తం కారొచ్చు. విరేచనం తారులా నల్లగా అయ్యాక గానీ ఎవరూ గుర్తించరు. అప్పుడు పరుగులే పరుగులు, అంబులెన్సు, అడ్మిషను. 2024 నుంచి 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తున్నారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా. అది ఆసుపత్రిలో చేరిన జబ్బుకి. చేరకుండా ఓపీలో చూపించుకునే మోకాలికి కాదు.

ఇంకో సంగతి, రేడియోలో చెప్పొచ్చో లేదో. మోకాళ్ళ బాధకి జడిసి బాత్రూంకి లేవాల్సొస్తుందని చాలామంది నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షను. బాత్రూం గోడకి పట్టుకోడానికి ఒక ఇనప కడ్డీ, ఎత్తు కమోడు పెట్టిస్తే సగం మాత్రలు తగ్గుతాయని నా నమ్మకం.

మతిమరుపు ముదిరి మాట పోయినవాళ్ళ సంగతి మరీ కష్టం. వాళ్ళ కోసం అమెరికాలో 2003లో పెయినాడ్ అనే కొలత ఒకటి ప్రచురించారు. ఊపిరి, మూలుగు, మొహం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరుకుంటారా లేదా. ఈ ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు, మొత్తం 10కి. మా ఆయాకి పది నిమిషాల్లో నేర్పాను.

మొన్న వెళ్తే తన నోటుబుక్కు చూపించింది. "మూడో మంచం. పక్క తిప్పితే కళ్ళు గట్టిగా మూసింది. చెయ్యి తోసేసింది. పాలు తాగలేదు. ఆరు."

సెలవు. నమస్కారం.