సముద్రం మీద కొలువు: ఓరుగల్లు నుంచి దారేది?

(హనుమకొండ స్టూడియోలో జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. సలహాలిచ్చిన అతిథి సరుకు ఓడల్లో చీఫ్ ఇంజినీరుగా చేసి రిటైరై ఊళ్లోనే ఉంటున్నారు. ఫోన్ చేసినవాళ్ల పేర్లు తీసేశాం.)

వ్యాఖ్యాత: జగిత్యాల నుంచి కాలర్ ఇప్పటికే లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే మేడమ్, నమస్తే సార్. మా తమ్ముడు ఐటీఐ చేసిండు. ఓడల నౌకరి ఇప్పిస్తనని ఒక ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నడు. సగం ఇప్పుడు, సగం ఎక్కినంక. విజిట్ వీసా మీద దుబాయ్ పోతే అక్కడ ఎక్కిస్తరట. ఆఫర్ లెటర్ కూడా పంపిండు. మా అమ్మ పొలం కుదువ పెడదామంటున్నది.

అతిథి: పైసలు ఇచ్చిన్రా?

కాలర్: లేదు సార్, రేపు ఇద్దామని.

అతిథి: ఆపండి. ఓడ మీద ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర ఫీజు తీసుకోకూడదు. అంతర్జాతీయ నిబంధనా అదే, మన దేశంలో ఓడల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ నిబంధనా అదే. పాస్‌పోర్టు, మెడికల్, సీడీసీ ఖర్చులు మనవే. శిక్షణ ఫీజు కాలేజీకి కట్టాలి, దానికి రసీదు ఉంటది. ‘ఉద్యోగానికి’ అని ఎవరైనా అడిగితే అక్కడే లేచి రావాలి. తమ్ముడికి సీడీసీ ఉందా?

కాలర్: అదేంది సార్?

అతిథి: ఓడ మనిషికి ఇచ్చే గుర్తింపు పుస్తకం. ఏ ఓడ ఎప్పుడు ఎక్కాడు, ఎప్పుడు దిగాడు అన్నీ దాంట్లోనే రాస్తారు. అది లేకుండా విజిట్ వీసా మీద పోతే ఆయన లెక్కలోనే లేడు. జీతం ఎగ్గొట్టినా, ఓనరు ఓడను ఏదో రేవులో వదిలేసి పోయినా, అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు. ఆ ఆఫర్ లెటర్ దగ్గరుందా? ఓడ పేరు పక్కన ఐఎంఓ నంబరు, అంటే ఓడకు ఇచ్చే ఏడంకెల గుర్తింపు నంబరు ఉండాలి.

కాలర్: ఉంది సార్. 9312458.

అతిథి: కాగితం, పెన్ను తీసుకోండి, అందరూ. మొదటి ఆరు అంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడాలి. తొమ్మిదేడులు 63, మూడార్లు 18, ఒకటి ఐదు 5, రెండు నాలుగులు 8, నాలుగు మూళ్లు 12, ఐదు రెళ్లు 10. ఎంతైంది?

వ్యాఖ్యాత: 116.

అతిథి: ఆ మొత్తంలో చివరి అంకె 6. నంబరులో ఏడో అంకె కూడా 6 కావాలి. మీ కాగితంలో 8 ఉంది. ఆ నంబరుతో ఓడ ఉండదు.

కాలర్: అయ్యో... టైపు తప్పు కావచ్చు గదా సార్?

అతిథి: కావచ్చు. లెక్క కుదిరినంత మాత్రాన నిజమనీ కాదు, అసలు ఓడ నంబరు దొంగిలించి వేసేవాళ్లూ ఉన్నారు. అందుకే ఆ కంపెనీకి ఆర్‌పీఎస్ లైసెన్సు, అంటే ఓడలకు మనుషుల్ని పంపడానికి ఇచ్చే అనుమతి ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూడండి. లైసెన్సు నంబరు ఏజెంటును అడగండి. ‘అవన్నీ తర్వాత’ అంటే విషయం తెలిసినట్టే. తమ్ముడికి నిజంగా ఇష్టముంటే ఓడలో కింది స్థాయి పనులకు జీపీ రేటింగ్ అని ఆరు నెలల కోర్సు ఉంది, పదో తరగతితో చేరొచ్చు. గుర్తింపు ఉన్న సంస్థలోనే. కోర్సు అయినా ఉద్యోగానికి గ్యారంటీ లేదు, ఆ మాట ముందే అమ్మకు చెప్పండి. పొలం మాత్రం ముట్టుకోవద్దు.

వ్యాఖ్యాత: హనుమకొండ నుంచి ఇంటర్ ఎంపీసీ చదువుతున్న అమ్మాయి.

కాలర్: సార్, నాకు మర్చెంట్ నేవీలో చేరాలని ఉంది. మా అమ్మ వద్దంటోంది, ‘మన తాత ముత్తాతలు సముద్రమే చూడలేదు, నీకెందుకు’ అంటోంది. ఇంకోటి, నాకు కళ్లద్దాలున్నాయి.

అతిథి: అద్దాల సంగతి ముందు చూద్దాం, అసలు తలుపు అక్కడే మూసుకుంటది. ఓడ నడిపే డెక్ వైపు పోవాలంటే అద్దాల్లేకుండానే చూపు పూర్తిగా ఉండాలి. ఇంజిన్ వైపు కొంత పవరు దాకా అద్దాలు ఒప్పుకుంటారు. రంగులు గుర్తుపట్టలేకపోతే మాత్రం రెండు వైపులా తీసుకోరు. రాత్రిపూట ఎదురు ఓడ ఎటు పోతున్నదో దాని ఎర్ర దీపం, పచ్చ దీపం చూసే తెలుసుకోవాలి మరి. కాబట్టి బిడ్డా, ఏ కోచింగ్‌కూ పైసా కట్టకముందే డీజీ షిప్పింగ్ ఆమోదించిన డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకో. డాక్టర్ల జాబితా వెబ్‌సైట్‌లో ఉంటది. ఆ తర్వాత ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం కావాలి. దగ్గర్లో వాళ్ల క్యాంపస్ విశాఖలో ఉంది.

కాలర్: ఆడపిల్లలను తీసుకుంటారా సార్?

అతిథి: తీసుకుంటారు, కానీ ఇంకా తక్కువ మందే. ఇరవై మందిలో నువ్వొక్కదానివే ఆడపిల్లవు కావచ్చు, దానికి మనసు సిద్ధం చేసుకోవాలి. అమ్మకు ఈ సంగతి వినిపించు. 2015 జూన్‌లో కాకినాడ నుంచి ఒడిశా వైపు పోతున్న ‘దుర్గమ్మ’ అనే చేపల పడవ ఇంజిన్ చెడి, లంగరు తెగి తుఫాను గాలికి కొట్టుకుపోయింది. లోపల ఏడుగురు. తిండి, నీళ్లు సముద్రంలో కలిసిపోయాయి. చేపల కోసం పెట్టుకున్న ఐసు చప్పరించి బతికారు. ‘సంపూర్ణ స్వరాజ్య’ అనే ట్యాంకరు వాళ్లను చూసింది. అంత పెద్ద ఓడను ఆ అలల్లో చిన్న పడవ పక్కకు తేవడమంటే మాటలు కాదు, కొంచెం తేడా వస్తే పడవే నుజ్జవుతుంది. మూడో ప్రయత్నానికి అందరినీ పైకి ఎక్కించారు. ఆ ఓడ కెప్టెన్ రాధికా మీనన్. 2016లో అంతర్జాతీయ సముద్ర సంస్థ ఇచ్చే సాహస పురస్కారం ఆమెకు వచ్చింది, అది అందుకున్న మొదటి మహిళ ఆమే.

వ్యాఖ్యాత: తాత ముత్తాతల మాట వచ్చింది కాబట్టి, ఇక్కడి కోట నుంచి ఏలిన గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు కదండీ.

అతిథి: అవును. అంతకుముందు గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునేవారు. ఈయన సుంకం మాత్రమే తీసుకుంటానని రాతి మీద చెక్కించాడు. ఓరుగల్లుకు సముద్రం కొత్తేం కాదని అమ్మకు చెప్పు.

వ్యాఖ్యాత: ములుగు నుంచి.

కాలర్: సార్, మాది చెరువుల చేపలు పట్టే సంఘం. సముద్రంలో చేపలు ఎక్కడున్నయో ఫోన్‌కు మెసేజ్ వస్తదంట గదా, మా చెరువుకు గూడ వస్తదా?

అతిథి: (నవ్వు) రాదు తమ్మీ. నీటి పైభాగం వేడి, అందులో పచ్చ నాచు ఉపగ్రహం నుంచి చూసి ఆ అంచనా చెప్తారు, అది సముద్రానికే. మీ చెరువు సంగతి వాళ్లకంటే మీకే ఎక్కువ తెలుసు.

వ్యాఖ్యాత: ఆ మెసేజ్‌లు వచ్చేది మన హైదరాబాద్ నుంచేనట. దాని గురించే పెద్దపల్లి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి.

కాలర్: సార్, నాది బీఎస్సీ ఫిజిక్స్. సముద్రం మీద పరిశోధన చేయాలని ఉంది. కానీ బస్సెక్కితేనే వాంతులు.

అతిథి: వాంతులు చాలామందికి కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. సర్దుకోకపోయినా నష్టం లేదు, సముద్ర శాస్త్రంలో సగం పని కంప్యూటర్ ముందే. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది, 1999లో పెట్టారు. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు ఇచ్చేది కూడా అక్కడి నుంచే. ఆర్గో ఫ్లోట్ల సమాచారం కూడా వాళ్లకు వస్తుంది. మనిషెత్తు గొట్టం అది. 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ ఉంటది. పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, పైకి వస్తూ వేడిని, ఉప్పును కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. ఆ లెక్కలు చదవాలంటే గణితం, కోడింగ్ గట్టిగా రావాలి. ఎమ్మెస్సీకి ఆంధ్రా యూనివర్సిటీ చూడు, కొచ్చిన్‌లో కుసాట్ యూనివర్సిటీ చూడు.

వ్యాఖ్యాత: చివరి కాల్, కరీంనగర్ నుంచి.

కాలర్: నమస్తే సార్. మా ఆయన ఓడలో సెకండ్ ఇంజినీరు. పోయి ఏడు నెలలైంది. మా మామయ్యకు గుండె నొప్పొచ్చి స్టెంట్ వేశారు. అత్తమ్మేమో ‘వాడికి చెప్పొద్దు, టెన్షన్ పడతాడు’ అంటోంది. రోజూ ఫోన్‌లో ‘నాన్న నిద్రపోయాడు’ అని అబద్ధం చెప్తున్నాను. నావల్ల కావట్లేదు.

అతిథి: చెప్పమ్మా. ఇక దాచకు.

కాలర్: ఇంజిన్ రూమ్‌లో ఉంటాడు కదా సార్, మనసు అక్కడ లేకపోతే...

అతిథి: అందుకే ఎప్పుడు చెప్పాలో చూసుకోవాలి. డ్యూటీకి దిగబోయే ముందు వద్దు. డ్యూటీ అయి, తిని, పడుకునే ముందు కూడా వద్దు, నిద్ర పట్టదు. రేపు చాలాసేపు ఖాళీ ఎప్పుడని అడిగి అప్పుడు చెయ్యి. ‘నీకో మాట చెప్పాలి’ అని మొదలుపెట్టి సాగదీయకు, లైను మధ్యలో కట్టయితే ఆయన రాత్రంతా ఊహించుకుంటాడు. మొదటి వాక్యంలోనే ‘మామయ్య బాగున్నాడు, ఇంటికి వచ్చాడు’ అను. తర్వాత ఏం జరిగింది, ఏ డాక్టరు, ఏ మందులు, మళ్లీ ఎప్పుడు చూపించాలి, అన్నీ చెప్పు. వీలైతే మామయ్యతోనే రెండు మాటలు మాట్లాడించు. కొడుకు గొంతు వింటే ఆయనకూ మంచిదే.

కాలర్: వెంటనే వస్తానంటే?

అతిథి: అడిగే హక్కు ఉంది. ఇంట్లో పెద్ద ఆపద వస్తే ముందుగా దింపమని కెప్టెన్‌కు రాసివ్వొచ్చు. డిశ్చార్జి సమ్మరీ ఫోటో తీసి ఆయనకూ పంపు, కంపెనీ ఆఫీసుకూ మెయిల్ చెయ్యి. బదులు మనిషి దొరకాలి, ఓడ రేవుకు చేరాలి, కొన్ని వారాలు పట్టొచ్చు. రావాలా, కాంట్రాక్టు పూర్తి చేయాలా అన్నది ఆయన్నే తేల్చుకోనివ్వు. మీరు దాచిపెడితే ఆ నిర్ణయం ఆయన చేతిలో లేకుండా పోతుంది. అత్తమ్మ పక్కనే ఉందా?

కాలర్: ఉంది సార్.

అతిథి: ఒకసారి ఫోన్ ఆమెకివ్వు, నేను మాట్లాడతాను.